నరం గడ్డ అంటే ఏ డాక్టర్ దగ్గరికి పోవాలె?

మన దగ్గర అన్నీ నరాలే. చెయ్యి తిమ్మిరెక్కితే నరం, సెలైన్ పెట్టేటప్పుడు నర్సమ్మ వెతికేది నరం, కోపమొస్తే మెడ మీద ఉబ్బేదీ నరమే. అందుకే మా చుట్టాలాయన కొడుకు చేతి మీది గడ్డ చూపిద్దామని నల్గొండల పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ పోయి, నరాల డాక్టర్ యాడ ఉంటడు అని అడుక్కుంట న్యూరాలజీ ఓపీ లైన్ల మధ్యాహ్నం దాకా నిలబడ్డడు. లోపలికి పోతే ఇది నా కేసు కాదు బాబూ అన్నరట, ఆ రోజు కూలి పాయె, చార్జీలు పాయె.

ఆ గడ్డ నేనూ చూసిన. ముంజేతి మీద నిమ్మకాయంత, పైన కొంచెం నీలం. బొటనవేలితో ఒత్తితే మెత్తగా అణిగిపోతది, చెయ్యి కిందికి వేలాడేస్తే మెల్లగ మల్ల నిండుకుంటది, లోపల ఒకటి రెండు జాగాల్ల కందిగింజలంత గట్టిగ తగులుతయి. రక్తం కదలకుండ నిలిచి గడ్డకట్టి, సున్నం పట్టి అట్ల రాళ్లయితయట. దీన్ని వీనస్ మాల్‌ఫార్మేషన్ అంటరు, కేన్సర్ కాదు, పుట్టుకతోనే సిరల (గుండెకు రక్తం తిరిగి తీస్కపోయే గొట్టాలు, వీటినీ మనం నరాలే అంటం, న్యూరాలజీ డాక్టర్ చూసే నరాలు వేరు) గోడలు సరిగ్గ కట్టుకోక సంచుల లెక్క సాగిపోయుంటయి అంతే. పిల్లలతోపాటే పెరుగుతది, ఈడొచ్చినప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు ఇంకింత ఉబ్బుతది.

ఇక్కడ ఇంకో గోల్‌మాల్ ఉంది. చంటిపిల్లలకు వచ్చే హెమాంజియోమా అనే ఎర్రగడ్డ కొన్నేండ్లల్ల దానంతటదే తగ్గిపోతది, దానికి ప్రొప్రనోలాల్ మందు కూడ పనిచేస్తది. ఈ సిరల గడ్డ దానంతటది తగ్గది, ఆ మందుకు లొంగది. ఈ రెండూ వేర్వేరని మల్లికెన్, గ్లోవాకి అనే అమెరికా పరిశోధకులు 1982లనే తేల్చి చెప్పిన్రు, కానీ ఇప్పటికీ రిపోర్టుల మీద అన్నిటికీ హెమాంజియోమా అనే రాసి "పెద్దగైతే పోతది లే" అని పంపుతున్నరు. మునుగోడు, మర్రిగూడ దిక్కైతే మరీ కష్టం, తొడ కండ లోపల ఉంటే పైకి ఏం కనబడది, పిల్ల కాలు గుంజుతుందంటే మన జిల్లాల ముందుగాల గుర్తొచ్చేది నీళ్లల్ల ఫ్లోరైడ్‌తోని వచ్చే ఎముకల జబ్బే కదా.

సరే, వైద్యం ఎట్లనంటే, ఇది చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, అంటే స్కానింగ్ తెర మీద చూసుకుంట సూదితోనే వైద్యం చేసే డాక్టర్. ముందు డాప్లర్ (రక్తం పారుడు చూపిచ్చే స్కాన్), ఎమ్మారై తీసి గడ్డ ఎంత లోతుకు పోయిందో చూస్తరు. తర్వాత అల్ట్రాసౌండ్‌ల చూసుకుంట సన్న సూది ఆ సంచిలకే దించి, ఎక్స్‌రేల కనబడే కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఎక్స్‌రే తెర మీద అది ఎటు పారుతుందో గమనిస్తరు, పెద్ద సిరలకు జారుతుంటే ఆగుతరు. అప్పుడు అసలు మందు, సిర గోడను ముడుచుకుపోయేటట్టు చేసేది. పోలిడోకనాల్ గానీ సోడియం టెట్రాడెసిల్ గానీ ఒక సిరంజిల, దానికి మూడు నాలుగు వంతుల గాలి ఇంకో సిరంజిల, మధ్యల మూడు దారుల నల్లా లాంటిది పెట్టి అటూ ఇటూ ఇరవై సార్లు కొడితే షేవింగ్ క్రీమ్ లెక్క నురగ వస్తది. ఇటలీ డాక్టర్ టెస్సారి చూపిచ్చిన ఉపాయం ఇది. నురగ రక్తాన్ని నెట్టేసి గోడకు అతుక్కుంటది, గోడ మంటెక్కి ముడుచుకుపోతది. ఆల్కహాల్ ఇంకా గట్టిగ పనిచేస్తది గానీ తోలు పుండు పడుడు, నిజం నరం దెబ్బతినుడు, గుండె మీద భారం పడుడు లాంటి రిస్కులు కూడ దాంతోనే ఎక్కువ. బ్లియోమైసిన్ వాడితే వాపు తక్కువ, కానీ మొత్తం డోసు లెక్క పెట్టుకోవాలె, ఊపిరితిత్తులకు ముప్పు.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, ఈ మాటలు ముందే చెప్పకపోవుడు దగ్గర. మా వోనికి మొదటి ఇంజెక్షన్ అయినంక చెయ్యి వారం రోజులు ముందుకన్నా ఎక్కువ వాచింది, అది మామూలే, కానీ ఇంట్లోళ్లు ఆగమైపోయి చెడగొట్టిన్రు అనుకున్నరు. గడ్డ పూర్తిగ మాయం కాదని, ఆరు నుంచి ఎనిమిది వారాలకొకటి చొప్పున కొన్నిసార్లు పోవాలని వాళ్లకు ఎవరూ చెప్పలే. మధ్యల ఊర్ల ఒకాయన కోసి తీస్త అన్నడు, కోస్తే నెత్తురు బాగ పోయే ముప్పుంది, ఏదో అదృష్టం బాగుండి వాళ్లమ్మ ఒప్పుకోలే.

ఆరోగ్యశ్రీ లిమిట్ 2023 డిసెంబర్ల 5 లక్షల నుంచి 10 లక్షలు చేసిన్రు, మంచిదే, కానీ ఈ జబ్బు మనిషిని కుంగదీసేది ఒక్క పెద్ద బిల్లుతోని కాదు, పదిసార్ల బస్సు టికెట్లతోని, పోయిన కూలితోని. మహబూబ్‌నగర్‌ల 2016ల, నల్గొండ, సూర్యాపేటల 2019ల మెడికల్ కాలేజీలు వచ్చినయి. డాప్లర్ తీసి హెమాంజియోమా కాదని తేల్చుడు, ఇంజెక్షన్ తర్వాత వాపు చూసుడు, రక్తం లోపల గడ్డకడుతుందా అని చూసే డి-డైమర్ టెస్టు చేసుడు వీటికి హైదరాబాద్ ఎందుకు? సూది ఒక్కదానికే అక్కడికి పోతే సరిపోదా? ఓపీ చీటి రాసేకాడ కూసున్నాయనకు గడ్డ నీలంగ ఉండి ఒత్తితే అణిగితే రేడియాలజీకి పంపు అని ఒక్క ముక్క చెప్పి పెడితే సగం తిరుగుడు తప్పుతది.

మా వోనికి మూడోది దసరా సెలవులల్ల పెట్టిచ్చిన్రు. గడ్డ ఇంకా ఉంది, చిన్నగైంది, చొక్కా చేతులు మడవమంటే ఇప్పటికీ మడవడు. రాత్రిపూట నొప్పికి లేచుడు మాత్రం బందైంది.