శాలువా ఒక్కటే తక్కువ

(సెప్టెంబరు 4 సాయంత్రం, విశాఖలో ఒక ఫ్లాట్. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆయన స్టాటిస్టిక్స్ లెక్చరర్. పొద్దుట్నుంచీ తన పీహెచ్‌డీ గైడ్‌కి ఉత్తరం రాస్తున్నాడు, అంటే ఒక వాక్యం రాసి మూడుసార్లు టీ అడిగాడు.)

ఆయన: విను. "అజ్ఞానాంధకారమున కొట్టుమిట్టాడుచున్న నాకు జ్ఞానజ్యోతియై దారిచూపిన గురుదేవులకు..."

ఆవిడ: శాలువా ఒక్కటే తక్కువ. మాస్టారు మిమ్మల్ని ఏమని పిలిచేవారు?

ఆయన: ఒరేయ్ అని.

ఆవిడ: ఒరేయ్ అన్న మనిషికి కొట్టుమిట్టాడుచున్న ఏంటండీ? వీడికేమైందో అని కంగారుపడి ఫోన్ చేస్తారు.

ఆయన: సరే, స్టాటిస్టిక్స్‌లో అంత పేరుమోసిన సి.ఆర్.రావుగారి సంగతితో మొదలెడతా. మాస్టారు మొదటి క్లాసులో చెప్పిందదే. మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా వెళ్ళినాయన, 1944లో పాఠం చెప్తున్నారు, అప్పటికి ఇరవైనాలుగేళ్ళు. దండేకర్ అని ఒక స్టూడెంట్ లేచి, ఇదంతా పెద్ద శాంపిల్‌కి సరే, చిన్న శాంపిల్‌కి ఎందుకు నిరూపించకూడదు అన్నాడట. ఈయన ఇంటికెళ్ళి ఆ రాత్రే కూర్చుని నిరూపించేశారు. 1945లో అచ్చయింది. క్రామర్-రావు అంటారే, అదే.

ఆవిడ: మరి అడిగిన పిల్లాడి పేరేదీ అందులో?

ఆయన: ...లేదు.

ఆవిడ: అనుకున్నా. ఇంతకీ ఏమిటండీ అది?

ఆయన: ఎటూ మొగ్గకుండా ఎంత తెలివిగా అంచనా కట్టినా సరే, అందులో ఊగిసలాట ఒక హద్దు కంటే కిందికి దిగదు.

ఆవిడ: పది నిమిషాల్లో వస్తానని రైతుబజారుకి వెళ్తారే, అక్కడ కింద హద్దు సంగతి సరే, పై హద్దే లేదు.

ఆయన: నీకు సైన్సు చెప్పడం నాది బుద్ధితక్కువ.

ఆవిడ: ఆ రావుగారే ఒక పుస్తకం వాళ్ళమ్మగారికి అంకితమిచ్చారని కూడా మీరే చెప్పారు, రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి నూనెదీపం వెలిగించి పెట్టేవారని. నేనూ నాలుగింటికి లేపాను, మూడు నెలలు. దుప్పటి మొహం మీదికి లాక్కుని "పెళ్ళానివా, అలారానివా" అన్నారు. తీరా థీసిస్ చూస్తే థాంక్స్ చెప్పే చోట మాస్టారికి పేజీన్నర, లైబ్రరీకి ఒక పేరా, జిరాక్స్ షాపు కుర్రాడికి రెండు లైన్లు, నాకు "అండ్ ఫ్యామిలీ".

ఆయన: ఆ కుర్రాడు అప్పు పెట్టాడే!

ఆవిడ: నేను గాజులు తాకట్టు పెట్టాను.

(కాసేపు చిక్కుడుకాయ విరిగే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆయన స్టూలెక్కి అటక మీంచి పాత డ్రాఫ్టు దించాడు. దుమ్ముకి ఇద్దరూ తుమ్మారు. మార్జిన్ల నిండా ఆకుపచ్చ ఇంకు, పేజీకి రెండు చోట్ల ఒకటే మాట: "ఎందుకు?")

ఆవిడ: ఇన్ని ఎందుకులా! నేను ఒక్కటి అడిగితేనే అలుగుతారు.

ఆయన: 112 చూడు.

ఆవిడ: ఇక్కడ "ఎందుకు?" కొట్టేసి ఉంది. కింద... "నువ్వే రైటురా. నాదే తప్పు." సంతకం, తేదీ కూడా పెట్టారే!

ఆయన: ఆయన పేపరు అప్పటికే అచ్చయిపోయింది. నా లెక్క చూసి ఆ వారమే జర్నల్‌కి దిద్దుబాటు పంపించారు. ఎవరు కనిపెట్టారంటే నా పేరు రాశారు. అప్పటికి నేను పరీక్ష ఒకసారి తప్పినవాణ్ణి, పెన్ను ఇంకు కూడా ఆయన దగ్గరే అడిగి పోసుకునేవాణ్ణి.

ఆవిడ: ఇది రాయకుండా మధ్యలో అంధకారం ఎందుకండీ?

(ఆయన కొత్త కాగితం తీశాడు. ఈసారి టీ అడగలేదు.)

ఆయన: "మాస్టారూ, 112వ పేజీ ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పుడు మా పిల్లలు బోర్డు మీద నా తప్పు పట్టుకుంటే, ముందు కోపం వస్తుంది, తర్వాత ఆ పేజీ గుర్తొస్తుంది." ఇంకా?

ఆవిడ: చాలు. సంతకం పెట్టండి.

ఆయన: నిన్ను కూడా కలుపుతున్నా, మళ్ళీ సాధించకు.

(ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని కాగితం అందుకుంది. చివర "మీ శిష్యుడు అండ్ ఫ్యామిలీ" అని ఉంది. పిల్లాడి పెన్సిల్ బాక్సులోంచి ఆకుపచ్చ పెన్ను తీసి, మార్జిన్‌లో రాసింది: "ఎందుకు?")