రెండు వానాకాలాలు దాటిన రిసీవర్ మాట వినండి

టీవీ బొమ్మనీ, ఇంట్లోని స్పీకర్లన్నిటినీ కలిపి నడిపే పెట్టె ఏవీ రిసీవర్. దాన్ని కొని నెల తిరగనివాళ్లని ఎలా ఉందని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట. అదిరిపోయింది, ఇక సినిమా హాలుకి వెళ్లక్కర్లేదు అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. టీవీ వెనక ఉండే బుల్లి స్పీకర్లు మానేసి ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ పెట్టుకున్న ఇంట్లో ఏ కంపెనీ రిసీవర్ ఉన్నా మొదటి నెలంతా పండగే. కాకపోతే ఆ సంతోషం చాలావరకు కొత్త స్పీకర్ల వల్ల వచ్చింది. పెట్టె మంచిదో కాదో అప్పటికింకా తేలలేదు. రెండు ఎండాకాలాలు, రెండు వానాకాలాలు గడిస్తే గానీ తేలదు.

విశాఖలో ముప్పై నలభై వేల నుంచి లక్ష దాకా పెట్టి రిసీవర్ కొనేవాళ్లు చాలామందే ఉన్నారు. మధురవాడ, ఎండాడ వైపు కొత్త ఫ్లాట్లలో ఇంటీరియర్ పని జరుగుతుండగానే స్పీకర్ వైర్లు గోడలోంచి లాగించుకుంటున్నారు. సీతమ్మధార, ఎంవీపీ కాలనీల్లో పిల్లలు ఉద్యోగాలకి వెళ్లిపోయాక ఖాళీ అయిన గదిని దీనికే కేటాయించినవాళ్లున్నారు. ఒక సినిమా హాలు పేరే పెద్ద జంక్షన్ పేరైపోయిన ఊరు మనది. జగదాంబ పేరు చెబితే చాలు, మంచి సౌండ్ అంటే ఏమిటో ఇక్కడివాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు. అలాంటివాళ్లు కూడా కొనే ముందు చూసేది ఆన్‌లైన్ సైటులో ఇచ్చిన నక్షత్రాలూ, వాటి కింద ఎవరో రాసిన నాలుగు లైన్లూ. ఆ నాలుగు లైన్లు కొన్న ఎన్నో నెలలో రాశారు, ఎలాంటి గదిలో కూర్చుని విని రాశారు అన్న రెండు సంగతులూ తెలియకపోతే ఆ అభిప్రాయాన్ని పట్టుకుని డబ్బు పెట్టకూడదని నా గట్టి నమ్మకం.

కాలం సంగతి ముందు చూద్దాం. 2009 నుంచి 2012 మధ్య వచ్చిన ఆంక్యో రిసీవర్లలో చాలా మోడళ్లకి కొన్నేళ్లు వాడాక హెచ్‌డీఎంఐ (బొమ్మనీ సౌండునీ ఒకే తీగలో పంపే పద్ధతి) బోర్డు పాడవడం మొదలైంది. బొమ్మ వచ్చేది కాదు, లేదా సౌండ్ ఆగిపోయేది. కంపెనీ ఆ మోడళ్లకి ఉచితంగా బాగుచేసి ఇచ్చే గడువును అమెరికాలో 2018 చివరి దాకా పొడిగించింది. కొన్న కొత్తల్లో వాటిని మెచ్చుకున్నవాళ్లు నిజాయితీగానే మెచ్చుకున్నారు. లోపలి బోర్డు సంగతి వాళ్లకి తెలిసే వీలే లేదు. 2020లో ఇంకో ముచ్చట. డెనాన్, మరాంట్జ్, యమహా కొత్త రిసీవర్లు 4కె బొమ్మని సెకనుకి 120 ఫ్రేములతో పంపుతాయని చెప్పుకుని మార్కెట్లోకి వచ్చాయి. ఆ ఏడాది చివర్లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అనే గేమ్ మెషీన్ వచ్చి దాన్ని కలిపి చూసేసరికి తెర నల్లబడింది. లోపం హెచ్‌డీఎంఐ చిప్‌లో ఉంది. డెనాన్, మరాంట్జ్ 2021లో ఒక చిన్న అడాప్టర్ పెట్టె ఉచితంగా ఇచ్చాయి, యమహా బోర్డు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. కొని నెల కూడా కానివాళ్లు రాసిన ఏ అభిప్రాయంలోనూ ఈ సంగతి దొరకదు. పరీక్షించే మెషీన్ అప్పటికి ఎవరింట్లోనూ లేదు మరి.

ఇక గది. ఇక్కడే అందరం ఎక్కువగా పొరబడుతున్నాం.

మనం చదివే, చూసే అభిప్రాయాల్లో పెద్ద భాగం అమెరికా ఇళ్లలోంచి వచ్చేవి. అక్కడ లోపలి గోడలు చెక్క చట్రానికి జిప్సం పలకలు కొట్టినవి, కింద కార్పెట్, కిటికీలకి దళసరి కర్టెన్లు. బేస్‌లో, అంటే గుండెకి తగిలే లోతైన శబ్దంలో, కొంత ఆ పలకల గోడ పీల్చుకుంటుంది, కొంత బయటికి పోతుంది. మన ఫ్లాటులో ఇటుక గోడ, పైన కాంక్రీటు స్లాబు, కింద నున్నటి టైల్స్. ఏదీ శబ్దాన్ని పీల్చుకోదు. పన్నెండు అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు ఉన్న గదిని తీసుకోండి. ఆ కొలతలకి దాదాపు 38 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 47 హెర్ట్జ్ దగ్గర ఒకటి, శబ్దం గోడల మధ్యే ఇరుక్కుని పెద్దదవుతుంది. సినిమాలో పేలుడు వచ్చినప్పుడు సోఫా దగ్గర బొంయ్‌మని మోగేది అదే. రెండడుగులు ముందుకి జరిగి కూర్చుంటే ఆ బేస్ సగం మాయమైపోయినట్టుంటుంది. ఒకే రిసీవర్‌కి ఒకరు బేస్ ఎక్కువైందనీ, ఇంకొకరు అసలు లేదనీ రాయడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇద్దరూ తమ గది గురించి చెబుతున్నారు, మనం మాత్రం దాన్ని పెట్టె గుణం కింద లెక్కేస్తున్నాం.

ఈ గది దోషాన్ని కొంతవరకు సరిచేయడానికే రిసీవర్‌తో పాటు ఒక మైకు ఇస్తారు. ఆ మైకుతో గదిని కొలిచే పద్ధతికి డెనాన్, మరాంట్జ్‌లలో ఆడిస్సీ అని పేరు, యమహాలో వైపావో అని పేరు. మైకుని కూర్చునే చోట చెవి ఎత్తులో నిలబెడితే రిసీవర్ ఒక్కో స్పీకర్ నుంచి చప్పుడు పంపి, గది దాన్ని ఎలా మారుస్తోందో కొలిచి సర్దుబాటు చేస్తుంది. ఆడిస్సీ అయితే మోడల్‌ని బట్టి ఆరు నుంచి ఎనిమిది చోట్ల కొలవమంటుంది. మైకు నిలబెట్టడానికి మడిచే అట్ట స్టాండు కూడా డబ్బాలోనే పెడతారు. ఇంత ఇచ్చినా మన ఇళ్లలో ఆ అట్ట మడత విప్పని డబ్బాలు బోలెడు. ఇన్‌స్టాల్ చేసే కుర్రాడు హడావిడిగా మైకుని సోఫా మీద పడేసి, పైన ఫ్యాను తిరుగుతుండగా, వంటింట్లో కుక్కర్ కూస్తుండగా ఒక్కచోట కొలిచి వెళ్లిపోతాడు. ఆ కొలతతో వచ్చిన సౌండు విని ‘ఈ మోడల్‌లో వాయిస్ క్లియర్‌గా లేదు’ అని రాస్తే తప్పెవరిది? ఫ్యాను, ఏసీ ఆపేసి, ఇంట్లో అందరినీ పావుగంట నిశ్శబ్దంగా ఉండమని, మైకుని స్టాండు మీద నిలబెట్టి మళ్లీ కొలిస్తే అదే రిసీవర్ మాట మారుస్తుంది. నేను చూసిన ఇళ్లలో చాలావాటిలో ఇలాగే జరిగింది. పైసా ఖర్చు లేని పని ఇది.

మాటలు వినబడవన్న ఫిర్యాదు తెలుగు సినిమాల విషయంలో మరీ ఎక్కువ. నేపథ్య సంగీతం గోడలు అదిరేలా ఉంటుంది, హీరోయిన్ మెల్లగా చెప్పిన డైలాగు దాని కిందకి వెళ్లిపోతుంది. సినిమా హాలు కోసం చేసిన మిక్సింగ్‌ని రాత్రి పదకొండింటికి పక్క ఫ్లాటువాళ్లు నిద్రపోతుంటే సగం వాల్యూమ్‌లో వింటే అంతే. దీనికి కొత్త రిసీవర్ మందు కాదు. మాటలు ఎక్కువగా వచ్చే సెంటర్ స్పీకర్‌ని రెండు మూడు డెసిబెల్ పెంచడం, రాత్రి పూట వినడానికి ఉన్న సెట్టింగ్ ఆన్ చేయడం సరిపోతుంది. సెంటర్ స్పీకర్‌ని టీవీ యూనిట్ అరలో లోపలికి తోసేయకుండా అంచుదాకా జరపడం మరీ ముఖ్యం.

మన ఇళ్లకి కలిసొచ్చే సంగతి కూడా ఒకటుంది. తల మీద నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ కోసం పైకి చూసే స్పీకర్లు పెట్టుకుంటే వాటి శబ్దం సీలింగ్‌కి తగిలి కిందకి రావాలి. పది అడుగుల ఎత్తున్న నున్నటి కాంక్రీటు స్లాబు దానికి బాగా పనికొస్తుంది. అందం కోసం మెట్లు మెట్లుగా పీవోపీ సీలింగ్ చేయించుకున్న హాల్లో మాత్రం ఆ శబ్దం చెల్లాచెదురవుతుంది. ‘అట్మాస్ అంతా ఉత్తిదే’ అని రాసినవాళ్ల ఇంటి సీలింగ్ ఎలాంటిదో ఓసారి అడగాలనిపిస్తుంది.

వాట్ల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు గానీ, డబ్బా మీది అంకె చూసి మురిసిపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక్క ఛానెల్ మాత్రమే నడిపి, 6 ఓమ్‌ల దగ్గర, 10 శాతం వక్రీకరణ ఒప్పుకుని కొలిస్తే 150 వాట్లు అని రాసుకోవచ్చు. అదే పెట్టెని రెండు ఛానెళ్లు నడిపి, 8 ఓమ్‌ల దగ్గర, 20 నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా శుభ్రంగా కొలిస్తే దాదాపు సగానికి దిగవచ్చు. అమెరికాలో యాంప్లిఫయర్ వాట్లు ఎలా ప్రకటించాలో 1974 నుంచే నియమం ఉంది, 2024లో దాన్ని ఇంకా బిగించారు. ఇక్కడ అమ్మే డబ్బా మీద కూడా మనం చూడాల్సిన అంకె ఆ పద్ధతిలో కొలిచిందే. నిజానికి 88 డెసిబెల్ సామర్థ్యం ఉన్న (ఒక్క వాటుకి మీటరు దూరంలో అంత శబ్దం ఇచ్చే) స్పీకర్‌తో మూడు మీటర్ల దూరం నుంచి మామూలుగా వినడానికి ఒక్క వాటు కూడా పట్టదు. పేలుళ్లకి, డప్పులకి ఒక్కసారిగా 20 డెసిబెల్ పైకి లేవాలంటే దానికి వంద రెట్లు కావాలి. మిగతా వాట్లు ఆ క్షణాల కోసమే.

ఇప్పుడు అసలు విశాఖ సంగతి. హైదరాబాద్‌లో ఐదేళ్లు నిక్షేపంలా నడిచిన మోడల్ లాసన్స్ బే కాలనీలో బీచ్ వైపు కిటికీ ఉన్న ఇంట్లో అలాగే నడుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. సముద్రం గాలిలో తేమతో పాటు ఉప్పు ఉంటుంది. రిసీవర్ వెనక స్పీకర్ వైరు చివర తొక్క తీసి బిగించిన రాగి పోగులు చూడండి. కొన్నప్పుడు ఎర్రగా తళతళలాడుతుంటాయి, ఏడాది తిరిగేసరికి నల్లబడతాయి, తర్వాత పోగుల మొదలు దగ్గర పచ్చగా చిలుము పడుతుంది. అప్పటినుంచి ఒక స్పీకర్ ఉండుండి మూగబోతుంది, లేదా కరకరమంటుంది. చాలామంది రిసీవర్ పోయిందనే అనుకుంటారు. వైరు చివర అరంగుళం కత్తిరించి, కొత్తగా తొక్క తీసి, బనానా ప్లగ్ అనే లోహపు పిన్ను బిగిస్తే సరిపోయే జబ్బు అది. వన్‌టౌన్‌లో పోర్టుకి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఇంకో బెడద, నల్లటి సన్నని దుమ్ము. పైన గాలి వెళ్లే చీలికల్లోంచి అది లోపలికి దిగి, తేమతో కలిసి బోర్డు మీద పొరలా అంటుకుంటుంది. ఆ పొర కింద వేడి బయటికి పోదు.

వేడి విషయంలో మనవాళ్లు చేసే పని చూస్తే నిజంగా బాధేస్తుంది. వేలకి వేలు పోసి కొన్న పెట్టెని అద్దం తలుపులున్న టీవీ యూనిట్‌లో పెట్టి, దాని మీద సెట్‌టాప్ బాక్సు, దాని మీద వైఫై రౌటర్ పేరుస్తారు. రిసీవర్లో కెపాసిటర్లు ఉంటాయి. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ పనిచేసేవాళ్ల లెక్క. మే నెల ఉక్కలో తలుపులు మూసిన అరలో మూడు గంటల సినిమా నడిస్తే లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకోవచ్చు. పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నాతో అన్న మాట: ‘కొత్తలో బాగుండేదండీ, ఇప్పుడు గంట నడిచాక టిక్‌మని ఆగిపోతోంది.’ ఆ టిక్, వేడెక్కితే పెట్టెని ఆపేసే లోపలి రక్షణ స్విచ్చిది (రిలే). అరలోంచి తీసి బల్ల మీద పెట్టించాం, మళ్లీ ఆగలేదు. ఆయన ఆ నెలలోనే ఒక్క నక్షత్రం ఇచ్చి అభిప్రాయం రాసి ఉంటే, దాన్ని చదివి ఎంతమంది మంచి మోడల్‌ని వదిలేసేవారో.

దీనికి ఎదురుగా నిజమైన చావుదెబ్బలూ ఉన్నాయి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములు పిడుగులతో వచ్చే వానలకి కేబుల్ తీగ ద్వారా, హెచ్‌డీఎంఐ ద్వారా దెబ్బ రిసీవర్ దాకా వస్తుంది. కరెంటు ప్లగ్ ఒక్కటే తీసి ఊరుకుంటే చాలదు, కేబుల్ తీగ కూడా ఊడదీయాలి. అమెరికా నుంచి చుట్టాలు సూట్‌కేసులో తెచ్చిచ్చే రిసీవర్లు 120 వోల్టులవి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230 వోల్టుల సాకెట్లో పెడితే అదే ఆఖరిసారి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని నడిపినా వారంటీ సముద్రానికి అవతలే ఉండిపోతుంది.

పోయిన బోర్డు ఎన్నాళ్లకి దొరుకుతుందన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న, అభిప్రాయాల్లో అన్నిటికంటే తక్కువ కనబడే సంగతీ అదే. ‘బోర్డు వేరే ఊరి నించి రావాలి సార్, వచ్చాక ఫోన్ చేస్తాం’ అన్న మాట ఈ ఊళ్లో రిసీవర్ ఉన్న చాలామంది విన్నారు. కంపెనీలు చేతులు మారినప్పుడు ఈ కష్టం ఇంకా పెరుగుతుంది. ఆంక్యో హోమ్ ఎంటర్‌టైన్‌మెంట్ 2022 మేలో జపాన్‌లో దివాలాకి వెళ్లింది, ఆ పేరుతో రిసీవర్లు ఇప్పుడు వేరే యాజమాన్యం కింద వస్తున్నాయి. మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది, 1915 హెల్ప్‌లైన్ ఉంది. రిసీవర్ ఆగిపోయి నెలలు గడుస్తున్నవాళ్లు వాటిని వాడుకోవాలి.

అదే ఏడాది నవంబర్‌లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఆన్‌లైన్ అభిప్రాయాల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. దొంగ అభిప్రాయాలను అరికట్టడం దాని ఉద్దేశం. తెచ్చినప్పుడు దాన్ని పాటించడం స్వచ్ఛందంగానే ఉంచారు. మంచి అడుగే, కానీ నిజమైన మనిషి మొదటి వారంలో రాసిన నిజమైన మాట కూడా సరిపోదని ఇంతసేపూ చూశాం. మనం ఏ రోజు కొన్నామో అమ్మిన సైటుకి తెలుసు. రెండేళ్లు నిండిన రోజున ‘ఇప్పుడెలా ఉంది’ అని ఒక్క మెసేజ్ పంపి, ఆ జవాబుని పాతదాని పక్కనే చూపించడం వాళ్లకి పెద్ద ఖర్చేమీ కాదు. వాళ్లు చేసేదాకా ఆగక్కర్లేదు. విశాఖలో మీ ఇంట్లో రెండు వానాకాలాలు దాటిన రిసీవర్ ఉంటే, అప్పట్లో రాసిన అభిప్రాయం తెరిచి ఇంకో నాలుగు లైన్లు చేర్చండి. గది కొలతలు, సముద్రానికి ఎంత దూరం, ఏది ఎప్పుడు పోయింది, బాగుచేయించడానికి ఎన్ని రోజులు పట్టింది, ఎంతయింది.