సర్దుకుపోవడానికి స్థితప్రజ్ఞత అని పేరు పెట్టకండి

మన ఇళ్లలో సమభావం ఎప్పుడూ కింద ఉన్నవాళ్లకే సిలబస్. అత్తగారు నానా మాటలన్నా కోడలు నిమ్మకు నీరెత్తినట్టు ఉండాలి. అదే కోడలు ఒక్క మాట తిరిగి అంటే ఆవిడకి మాత్రం గుండెదడ రావచ్చు. మార్కులు తగ్గితే నాన్నగారికి బీపీ పెరగొచ్చు, పిల్లాడు మాత్రం జయాపజయాలను సమానంగా చూడాలి. ఏడిస్తే ‘మనసు గట్టి చేసుకో’, కోపమొస్తే ‘లైట్ తీస్కో’. తరతరాలుగా ఉన్న ఈ సర్దుబాటుకి ఇప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని ఎరుకతో గమనించడం) అని కొత్త బోర్డు తగిలించారు.

మా ఆఫీసు సంగతే చెప్తాను. సరిగ్గా అప్రైజల్స్ నెలలో మైండ్‌ఫుల్‌నెస్ సెషన్ పెట్టారు. కళ్లు మూసుకుని ఊపిరి గమనించమన్నారు, గమనించాం. ఆ వారంలోనే నలుగురి పని ఇద్దరి మీద పడేశారు. ఆ ఇద్దరూ ఊపిరి గమనించడం కాదు, పీల్చుకోడానికే టైము లేదన్నారు. ‘స్ట్రెస్‌ని ఎలా హ్యాండిల్ చేయాలో మొన్నే కదా చెప్పాం’ అని జవాబు.

నాకు ధ్యానం మీద కోపం లేదు. దాన్ని నోరు మూయించడానికి వాడుతున్నారనే నా గొడవ. అసలు విషయం తెలిస్తే అలా వాడటం కుదరదు.

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్లో జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రవేత్త ఈ మైండ్‌ఫుల్‌నెస్ పద్ధతి మొదలుపెట్టింది, డాక్టర్లు చేయగలిగిందంతా చేశాక కూడా నొప్పి తగ్గని రోగుల కోసం. 8 వారాల కోర్సు. తర్వాత టీస్‌డేల్, సీగల్, విలియమ్స్ అనే ముగ్గురు మానసిక శాస్త్రవేత్తలు దాన్ని డిప్రెషన్ వైపు తెచ్చారు. డిప్రెషన్ పదే పదే వచ్చి తగ్గినవాళ్లకి ఒక ఇబ్బంది ఉంటుంది. మామూలు దిగులు కొద్దిగా కమ్మినా చాలు, ‘నేను పనికిరాను, మళ్లీ మొదలైంది’ అనే పాత ఆలోచనలన్నీ బిలబిలమంటూ వచ్చేస్తాయి. ఆ ఆలోచన వచ్చినప్పుడే ‘ఇది ఒక ఆలోచన, అంతే’ అని పట్టుకోగలగడమే అక్కడ నేర్పే ఎరుక. 2000లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో, అప్పటికే మూడు, అంతకన్నా ఎక్కువసార్లు డిప్రెషన్ వచ్చినవాళ్లలో, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 66 శాతం మందికి అది తిరగబెడితే, ఈ కోర్సు కూడా చేసినవాళ్లలో 37 శాతం మందికే తిరగబెట్టింది. రెండుసార్లే వచ్చినవాళ్లకి మాత్రం పెద్దగా తేడా కనిపించలేదు. అంటే ఎవరికి, ఎప్పుడు అనేది ముఖ్యం. అందరికీ ఒకే మాత్ర కాదు.

స్కూళ్లలో అందరికీ కలిపి నేర్పిస్తే ఏమవుతుందో కూడా చూశారు. బ్రిటన్‌లో 85 స్కూళ్లు, 8 వేల మందికి పైగా పిల్లలు. 2022లో ఫలితాలొచ్చాయి. మామూలు పాఠాలు విన్న పిల్లలకంటే మైండ్‌ఫుల్‌నెస్ నేర్చిన పిల్లలు ఏమీ మెరుగ్గా లేరు. తెల్లవారకముందే పిల్లల్ని లేపి ధ్యానం పేరుతో వరుసల్లో కూర్చోబెట్టే మన కార్పొరేట్ కాలేజీల వాళ్లు ఇది చదివితే బాగుణ్ణు. చదవరనుకోండి.

‘మన గీతలో ఎప్పుడో చెప్పారు’ అనే పెద్దమనుషులు ఈపాటికి కామెంట్ టైప్ చేస్తూ ఉంటారు. చెప్పారు, కాదనను. రెండో అధ్యాయం 48వ శ్లోకం, సమత్వమే యోగం. అయితే ఎవరికి చెప్పారు? ఒళ్లు వణికి, నోరు ఎండిపోయి, గాండీవం చేతిలోంచి జారిపోతున్న మనిషికి. కృష్ణుడు మొదట కాస్త కోప్పడ్డాడు, నిజమే. కానీ ఆ తర్వాత రథం ఆపి పద్దెనిమిదో అధ్యాయం దాకా మాట్లాడాడు, అడిగినవాటికల్లా జవాబిచ్చాడు. మనం రెండు నిమిషాలు వినం. పైగా అదే శ్లోకంలో ‘పని చెయ్యి’ అని ఉంది. అన్యాయం ఎదురుగా ఉన్నప్పుడు చెయ్యాల్సింది చెయ్యడానికి కావలసిన నిలకడ అది. మనమేమో దాన్ని ఏమీ చెయ్యకుండా కూర్చోమనడానికి వాడుకున్నాం.

బౌద్ధులు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టారు. అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు సమభావానికి రెండు రకాల శత్రువులున్నారన్నాడు. దూరపు శత్రువులు రాగద్వేషాలు, వాటిని గుర్తుపట్టడం తేలిక. దగ్గరి శత్రువు పట్టనితనం, అచ్చం సమభావంలాగే కనిపిస్తుంది. పక్క గదిలో కూతురు ఏడుస్తుంటే టీవీ సౌండ్ పెంచుకున్న మనిషిని ‘ఆయన దేనికీ చలించరండీ’ అని మనం మెచ్చుకుంటాం చూడండి, అదే ఇది. అందరి మేలూ కోరే మైత్రీ భావన మొదట ఎవరితో మొదలుపెట్టాలంటే, తనతోనే అని కూడా ఆయనే అన్నాడు.

మనకి అసలు లేనిది ఇదే. తన మీద తనకు దయ. ఇది అనగానే మనవాళ్లకి బద్ధకం, గారాబం, సుఖం మరగడం గుర్తొస్తాయి. క్రిస్టిన్ నెఫ్ అనే మానసిక శాస్త్రవేత్త 2003లో దీన్ని కొలిచే పద్ధతి తయారుచేసినప్పుడు అందులో మూడు విషయాలు పెట్టింది: తనని తాను తిట్టుకోకుండా దయగా చూసుకోవడం, ఈ బాధ నాకొక్కదానికే కాదు మనుషులందరికీ ఉంటుందని గుర్తుండటం, ఆ బాధని దాచకుండా, పెంచకుండా ఉన్నదున్నట్టు చూడటం. సుఖం మరగడం ఇందులో ఎక్కడుంది?

తిట్టకపోతే పిల్లలు చదవరనే నమ్మకం మనకి ఎంత గట్టిదో తెలుసు. 2012లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో బ్రైనెస్, చెన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో ఒకటి సరిగ్గా దీని గురించే. కష్టమైన పరీక్ష పెట్టి, బాగా రాయలేకపోయామని కాలేజీ విద్యార్థులు కుంగినప్పుడు, కొందరిని తమ మీద తాము దయ చూపుకోమన్నారు, కొందరితో ‘నువ్వు తెలివైనవాడివే’ తరహా మాటలు చెప్పారు. దయ చూపుకున్నవాళ్లే తర్వాతి పరీక్షకి ఎక్కువసేపు చదివారు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి సున్నా వేశారు. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కో బిడ్డ వెనక ఒక్కో కథ ఉంటుంది, దానికి ఒకే కారణం చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ మార్కులు వేసినవాళ్ల తప్పుని ఓర్చుకోవడం కూడా పిల్లలే నేర్చుకోవాలా? ముందు మార్కులు సరిగ్గా వెయ్యండి, తర్వాత ధ్యానం నేర్పుదురు గాని.

ఇక జబ్బుకి ధ్యానమే మందనే వాళ్లతో ఒక్క మాట. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16 సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందికి వైద్యమే అందట్లేదు. హైదరాబాదులో ‘ఎర్రగడ్డ’ అన్నా, వైజాగ్‌లో ‘చినవాల్తేరు’ అన్నా, అక్కడ మానసిక ఆసుపత్రులున్నందుకు, ఇప్పటికీ తిట్టే. నిద్ర పట్టక, తిండి సయించక, బతకాలని లేదంటున్న మనిషిని పది రోజుల మౌన శిబిరానికి పంపేముందు సైకియాట్రిస్టుకి చూపించండి. డబ్బులు లేవన్నా, ఎవరైనా చూస్తారేమో అని సిగ్గుగా ఉన్నా, టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, డబ్బులు తీసుకోరు, రాత్రైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

‘మా అమ్మమ్మల కాలంలో ఇవన్నీ ఉన్నాయా?’ అంటారు. ఉన్నాయండీ. గాలి సోకిందని వేపమండలతో కొట్టించారు కదా, ఆ కోడళ్లకి ఏమైందో మీ ఇంట్లో పెద్దవాళ్లని ఓసారి అడగండి.