‘చుట్టూ చూడండి’ అనే సలహా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘చుట్టూ చూడండి, కథలు అవే దొరుకుతాయి’ అనే సలహా గారి సముఖమునకు, విజయవాడ నుండి కథారచన తరగతి విద్యార్థిని ఒకతె నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమం గురించి వేరే అడగనక్కరలేదు. కథల కార్యశాలలన్నిటిలోనూ, కథాసంపుటాల ముందుమాటల్లోనూ, సన్మానం పొందుతున్న ప్రతి రచయిత ఉపన్యాసంలోనూ శాలువా కంటే ముందు మీరే దర్శనమిస్తున్నారు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మీ మాట మీదనే మా గురువుగారు మమ్మల్ని గవర్నర్‌పేటలోని మేడమీది గదిలోంచి బీసెంట్ రోడ్డుకు తోలారు. మే నెలలో, బెజవాడలో, భోజనాలైన వెంటనే, తలా ఒక ప్రేరణను వెతికి తీసుకురావాలని ఆజ్ఞ. ఆ వేళకు అక్కడ కుక్కలు కూడా కొట్ల అరుగుల కింద పడుకొని ఉంటాయన్న సంగతి చుట్టూ చూడమని చెప్పే మీకు తెలియకపోవడం విచిత్రమే.

మేము తిరిగివచ్చి మా ప్రేరణలను చదివి వినిపించాము. సగానికి పైగా మందిది ఒకటే ప్రేరణ: వీధి మలుపులో మల్లెపూలు అమ్ముకుంటున్న ముసలమ్మ. ఒకరి కథలో ఆమెకు చూపు లేదు. మరొకరి కథలో ఆమె కొడుకు అమెరికాలో ఉండి ఫోను చేయడు. ఇంకొకరి కథలో సాయంత్రానికి పూలు వాడిపోయాయి, వాటితోపాటు ఆమె జీవితమూ వాడిపోయింది. తొందరపాటు మనిషి ఒకాయన ఆమెను మూడో పేరాలోనే చంపేశాడు. మేము బయలుదేరి వచ్చేటప్పటికి ఆ మహాతల్లి గొడుగు నీడ తన వైపుకు రానివ్వడం లేదని పక్క బండివాడిని నిలబెట్టి కడిగేస్తున్నదని నేను మనవి చేసుకుంటే, అది కథకు అనవసరమన్నారు.

సలహా గారూ, ఆమె బుట్ట పక్కనే ఒక క్యూఆర్ కోడ్ అట్ట, డబ్బు పడగానే మొత్తం ఎంతో గట్టిగా చదివి వినిపించే సౌండ్‌బాక్సు ఉన్నాయి. మేమందరం నిలబడి చూస్తుండగానే అది అరిచింది. చెవులున్న ప్రతివారికీ వినపడింది. అయినా మిగతావారిలో ఒక్కరి కథలోనూ అది లేదు. కన్నీళ్ల పక్కన అది ఇమడదని ఎవరికి వారే తీసేశారు. ఇంతకుముందు చదివిన కథల్లోని ముసలమ్మను ఇంటి దగ్గరే తయారు చేసుకొని వచ్చినవారికి, రోడ్డు మీద ఆమెను కూర్చోబెట్టడానికి ఒక చోటు మాత్రమే కావలసివచ్చింది. చూడమన్నారు తప్ప, మోసుకొచ్చిన దానిని దించి చూడమని మీరు ఎన్నడూ చెప్పలేదు కదా! ఇంతమందిమి ఆమె చుట్టూ చేరి, ముఖంలో ముడతలు లెక్కపెట్టి, నోటుపుస్తకాల్లో ఎక్కించుకొని, పూలు కొనకుండా వచ్చేసిన ఆ పనిని సాహిత్యం అంటారో, ఇంకేమైనా అంటారో మీరే సెలవియ్యాలి.

కొన్నది నేనొక్కదాన్ని. రెండు మూరలు కొలిపించుకొని ఫోనుతో డబ్బు కట్టబోతే తెరమీద వేరే పేరు వచ్చింది. అందరూ అడిగినట్టే “ఈ పేరేనా అమ్మా?” అని అడిగాను. “మా కోడలిది అమ్మాయ్. డబ్బులు దాని ఖాతాలో పడతయ్యి, అరుపు మాత్రం నాకాడ” అన్నది.

నేను రాసినది ఆ మాట గురించే. పగలంతా తన చెమటకు వచ్చిన డబ్బును పెట్టె బిగ్గరగా చదువుతుంటే వింటూ కూర్చొని, రాత్రి కోడలిని అడిగి బస్సు ఛార్జీ తీసుకునే మనిషి గురించి. గురువుగారు సౌండ్‌బాక్సును ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ‘రసభంగం’ అని రాశారు. కింద ‘చుట్టూ ఉన్న జీవితాన్ని ఇంకా నిశితంగా పరిశీలించాలి’ అని మీ శుభనామాన్ని కూడా జోడించారు. ఆ కాగితం నా ముందే ఉన్నది. దానిని చూసినప్పుడల్లా, ఈ లేఖకు పెట్టుకున్న మర్యాదంతా పక్కన పెట్టి, మీరొక పచ్చి అబద్ధమని అరవాలనిపిస్తున్నది.

మీకు సాక్ష్యం పలికే పెద్దలున్నారని ఎరుగుదును. బల్లమీది బూడిదగిన్నెను చూపించి, కావాలంటే రేపటికి దీనిమీద కథ రాస్తానని రష్యన్ కథకుడు చెహోవ్ తనతో అన్నట్టు తోటి రచయిత కొరొలెంకో రాసుకున్నాడు. గురువుగారు ఆ ముక్క చెప్పి మా ముందు టీ గ్లాసు పెడతారు. ఆ మాట అన్ననాటికే చెహోవ్ వందల కథలు రాసి ఉన్నాడన్నది మాత్రం చెప్పరు. ఇంగ్లీషు నవలాకారుడు హెన్రీ జేమ్స్ విషయం ఇంకా విడ్డూరం. క్రిస్మస్ ముందు రాత్రి విందులో పక్కనున్న ఆవిడ అన్న పది మాటల్లో ఆయనకు కథ దొరికింది. ఆవిడ అక్కడితో ఆగక మిగతా సంగతంతా చెప్పుకుపోతుంటే ఆయనకు అదంతా చెత్త అనిపించింది. మా ఊళ్లో పది మాటల దగ్గర ఆగేవారు ఎవరండీ? అపరిచితుల మాటలు వినమని మీరు బస్టాండుకు పంపిననాడు అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లే. నోరు విప్పిన ఒక్క పెద్దాయన, తుళ్లూరు పొలాన్ని 2015లో అమరావతి రాజధాని భూముల పూలింగుకు ఇచ్చినది మొదలు కౌలు, ప్లాటు, కోర్టు వరకు నీతితో సహా ముగించి, పేర్లు మార్చకుండా రాయమని నన్ను ఆదేశించి బస్సెక్కారు. ఇక 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా ఊరి సింగ్‌నగర్‌ను ముంచిన తరువాత, డాబామీద చిక్కుకున్న తాతయ్య లేని కథ మా తరగతికి రావడమే మానేసింది.

పూలమ్మ కథను తిరిగి రాసి ఇవ్వాలట. రాస్తున్నాను. సౌండ్‌బాక్సు మొదటి వాక్యంలోనే అరుస్తుంది.

వచ్చే ఆదివారం తమరు మమ్మల్ని భవానీపురంలోని పున్నమి ఘాట్‌కు పంపబోతున్నారని తెలిసింది. అక్కడ భవానీ ద్వీపానికి పడవ నడిపేవారు ఎవరైనా ఉంటే, నోటుపుస్తకాలు పట్టుకొని కొందరు వస్తున్నారనీ, వారు ఆయన చేతుల మీది కాయలను చాలాసేపు చూస్తారనీ, ఒక్కరూ టిక్కెట్టు కొనరనీ దయచేసి ముందుగా కబురు పెట్టగలరు.

ఇట్లు,
రెండు మూరల మల్లెపూలు కొన్న విద్యార్థిని