సవరణ: యాంటీబాడీలు ఉన్నంత మాత్రాన మలేరియా రాదని కాదు

మలేరియా మీద మొన్నటి పోస్టులో "ఆఫ్రికా పల్లెల్లో పెద్దవాళ్లకు యాంటీబాడీలు ఉంటాయి, అందుకే వాళ్లకు మలేరియా సోకదు" అని ఉంది. ఆ వాక్యాన్ని ఇలా మార్చి చదవండి: "వాళ్లకు పరాన్నజీవి సోకుతుంది, కానీ జబ్బు ముదరడం అరుదు."

యాంటీబాడీల బలం నిజమే. 1961లో పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో కోహెన్, మెక్‌గ్రెగర్, కారింగ్టన్ అనే పరిశోధకులు అక్కడి పెద్దవాళ్ల రక్తం నుంచి తీసిన గామా గ్లోబ్యులిన్‌ను (యాంటీబాడీలుండే ప్రొటీన్ల భాగాన్ని) మలేరియాతో ఉన్న పిల్లలకు ఇంజెక్షన్‌గా ఇచ్చారు. కొన్ని రోజుల్లోనే రక్తంలో పరాన్నజీవులు బాగా తగ్గాయి. కానీ మనిషి రక్తం నుంచి దోమకు చేరే పరాన్నజీవి రూపాలైన గామెటోసైట్ల మీద దాని ప్రభావం కనిపించలేదు. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే. మనిషి కోలుకుంటున్నా అతని నుంచి జబ్బు ఇంకొకరికి పాకవచ్చు.

ఇక ఏ ప్రొటీన్ మీద యాంటీబాడీ అన్నది అసలు చిక్కు. ఎర్ర రక్తకణంలోకి దూరడానికి పరాన్నజీవి వాడుకునే ఏఎంఏ1 ప్రొటీన్‌కు ఎన్నో రూపాలున్నాయి. మాలీలోని బండియాగరాలో పిల్లల మీద జరిగిన ఏఎంఏ1 టీకా పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. యాంటీబాడీలు బాగానే పెరిగినా, మొత్తం మీద రక్షణ చెప్పుకోదగ్గంత లేదు. టీకాలోని రూపాన్ని పోలిన పరాన్నజీవుల మీదే అది గట్టిగా పనిచేసింది.

చిన్నపిల్లల్లో ఈ యాంటీబాడీలు కొన్ని నెలల్లోనే తగ్గిపోతాయి కూడా. ఇక యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వస్తే ఎప్పుడో ఒకసారి సోకిందని మాత్రమే అర్థం. ఇప్పుడు జ్వరం మలేరియానా అన్నది తేల్చడానికి రక్తపు స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) గానీ, ర్యాపిడ్ టెస్టు గానీ చేయించాల్సిందే.