హిచ్‌కాక్‌కు రెండుంబావు

మా పక్కింటి కుర్రాడు సినిమా సమీక్షలు చెబుతాడు. గోడకు ఎర్రలైటు వేసుకుని, ఫోను ముందు కూర్చుని దర్శకులకు మార్కులు వేస్తుంటాడు. మొన్న 1960 నాటి ‘సైకో’ వంతు వచ్చింది. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ అనే ఆయన పరీక్ష తప్పాడు. అయిదుకు రెండుంబావు.

తీర్పు సవివరంగానే ఉంది. ప్లస్ పాయింట్: నేపథ్య సంగీతం. మైనస్ పాయింట్లు: రంగులు లేకపోవడం, సాగదీత, కథానాయికను సరిగా వాడుకోకపోవడం. ఎడిటర్ కత్తెరకు మరికాస్త పని చెప్పాల్సిందట. స్నానాల గదిలో ముప్పావు నిమిషం హత్యను వారం రోజులు చిత్రీకరించి ముక్కలు ముక్కలుగా కోసి అతికించిన సినిమా అది. ఇంకా ఎక్కడ కోయాలో మాత్రం సెలవివ్వలేదు. బి, సి సెంటర్లలో ఆడటం కష్టం.

ఇంతటి పరిశీలన ఎలా అబ్బిందో చూద్దామని వెళ్లి పక్కన కూర్చున్నాను. రెండింతల వేగంతో చూస్తున్నాడు. 109 నిమిషాల సినిమా 54 నిమిషాల్లో ముగుస్తుందట. వారం రోజుల శ్రమ 22 సెకన్లలో వదిలిపోయింది.

అందులో ఒక కారును ఊబిలోకి తోస్తారు. తోసిందెవరో చెప్పను, నాకింకా సిగ్గుంది. ఒడ్డున నిలబడిన మనిషి ఏదో నములుతూ చూస్తుంటాడు. కారు గుడగుడమంటూ దిగుతుంది. దిగి, దిగి, పైకప్పు కనిపిస్తుండగానే ఆగిపోతుంది. నమలడం ఆగుతుంది. అతను దిక్కులు చూస్తాడు. మనమూ చూస్తాం. మునిగిపో తల్లీ అని మనసులో మొక్కుకుంటాం. మొక్కింది ఎవరి తరఫునో తర్వాత గాని తెలియదు.

కుర్రాడి ఫోనులో ఆ కారు టీలో జారిన బిస్కట్‌లా బుడుంగుమంది.

“మధ్యలో ఆగింది, చూశావా నాయనా?”

“ఆగిందా బాబాయ్? నెట్ ఆగిందనుకుని ముందుకు జరిపాను.”

ఆ ఆగడమే సినిమా! దాని కోసమే ఆయన అంత తంటాలు పడ్డాడు. ఆట మొదలయ్యాక ఎవరొచ్చినా లోపలికి పంపవద్దని థియేటర్లకు షరతు పెట్టాడు. ముగింపు బయట చెప్పవద్దని ప్రేక్షకులను బతిమాలాడు. ఈ ప్రబుద్ధుడు వీడియో ముఖచిత్రం మీదే హంతకుడి ముఖానికి ఎర్ర సున్నా చుట్టి, పక్కన బాణం గుర్తు వేశాడు. ఓపిక లేకపోతే చూడకు, పడుకో. ఎవరూ కాదనరు. కానీ నువ్వు చూడనిదానికి మార్కులెందుకు? ఇంకా చూడని పిల్లలు ఆ బాణం చూస్తారే, వాళ్ల మొదటిసారి భయాన్ని నువ్వు దొంగిలించావు. అది మళ్లీ దొరకదు.

ఇదంతా అతనికీ చెప్పాను. తల ఊపాడు. నా మాటలను కూడా రెండింతల వేగంతోనే విన్నాడని నా అనుమానం.

వచ్చే వారం ‘రియర్ విండో’ అట. కాలికి కట్టుతో చక్రాల కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి ఎదురింటివాళ్లను చూసే మనిషి కథ అని చెప్పాను.

“పర్లేదు బాబాయ్, హీరో లేచి నడిచేదాకా జరిపేస్తాను.”

జరుపు నాయనా, జరుపు.