బాబాయ్ లెక్క ప్రకారం విమానం లేటు

ఇంకా కళ్లు మండుతున్నాయి. అయినా ఇప్పుడే రాసేయాలి, నిద్రపోతే కోపం చల్లారిపోతుంది.

దుబాయ్‌లో కూతురి దగ్గరికి వెళ్లిన బాబాయ్, పిన్ని నిన్న రాత్రి పది గంటల విమానానికి బెంగళూరు బయల్దేరారు. "పన్నెండున్నరకల్లా గేటు దగ్గర ఉండు" అని బాబాయ్ ఆర్డరు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. వెళ్లేటప్పుడు టికెట్ మీద ఇక్కడ 10.00, అక్కడ 12.30 అని ఉంది కాబట్టి ప్రయాణం రెండున్నర గంటలు, వచ్చేటప్పుడూ అంతే. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుందని, టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారని, 2700 కిలోమీటర్లు రెండున్నర గంటల్లో రావడం ఏ విమానానికీ కుదరదని చెప్పబోయాను. "ఎనిమిదో తరగతిలో నీకు కాలం-దూరం ఎవర్రా చెప్పింది?" అన్నాడు. ఆయనే చెప్పాడు, బెత్తం పట్టుకుని మరీ. ఆ టికెట్ చేతిలో పెట్టిన ఏజెంటు మహానుభావుడు ప్రయాణం ఎంతసేపో ఒక్క ముక్క దాని మీద వేసుంటే ఆయన సొమ్మేం పోయేదో!

సరే, మారతహళ్లి నుంచి దేవనహళ్లి వెళ్లి పన్నెండున్నరకి నిలబడ్డాను. విమానం 3.10కి దిగుతుందని ఫోన్ చెబుతూనే ఉంది. ఆ మధ్య సంగతి వదిలేయండి.

బయటికొచ్చిన బాబాయ్ నన్ను పలకరించలేదు, సరాసరి విమానం వాళ్ల కౌంటర్‌కి వెళ్లాడు. లేటైంది, రాసివ్వండి అన్నాడు. ఆ అమ్మాయి కంప్యూటర్ చూసి, "పది నిమిషాలు ముందే దిగింది సార్" అంది. చలికాలం కదా, పైన పడమటి గాలి జోరుగా వీస్తుంది, దుబాయ్ నుంచి వచ్చే విమానాన్ని వెనక నుంచి తోస్తుంది, అందుకే వెళ్లినప్పటికంటే వచ్చేటప్పుడు తొందరగా వస్తారని పాపం ఎంతో ఓపిగ్గా చెప్పింది కూడా. బాబాయ్ చెయ్యి చాపి హెచ్‌ఎంటీ వాచీ చూపించాడు. 2.15. దుబాయ్‌లో దిగగానే మా చెల్లెలు తిప్పిన వాచీ అది, మళ్లీ ఎవరూ తిప్పలేదు. గోడ మీద 3.45. రెండూ చూసి తీర్పు ఇచ్చాడు: "మీ గడియారం కూడా తప్పే." తర్వాత బోర్డింగ్ పాస్ వెనక్కి తిప్పి వేగం, కాలం, దూరం అని మూడు గళ్లు గీశాడు, నా జేబులోంచే పెన్ను లాక్కుని. వెనక క్యూ పెరిగింది. ఒకాయన బ్యాగు కింద పెట్టి వంగి మరీ లెక్క చూశాడు, పైగా "గురూజీ, ఇక్కడ ఒకటి మోయాలి" అని సాయం చేశాడు. పిన్ని ఖర్జూరాల డబ్బా మీద కూర్చుని, ఇది ఇంట్లో రోజూ ఉండేదే అన్నట్టు కునుకు తీసింది. నేను మాత్రం ఆ ముసలాయన ఎవరో నాకు తెలియనట్టు ట్రాలీ చక్రాన్ని పరిశీలిస్తూ నిలబడ్డాను.

చివరికి ఆ అమ్మాయి ఫిర్యాదు ఫారం ఇచ్చేసింది, నేనైనా అదే చేసేవాణ్ణి. బాబాయ్ ముత్యాల్లాంటి అక్షరాలతో పేజీ నింపాడు. సాక్షి పేరు, ఫోన్ నంబరు అన్నచోట నావి రాశాడు. పొద్దున్నుంచి ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తోంది, ఎత్తలేదు.